ఊరి పాత బడిని కూల్చాలా, ఉంచాలా: ఒకే ముడిలో చిక్కుకున్న మూడు ప్రశ్నలు

2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. వెంటనే అన్ని బడుల్లోనూ భద్రతా తనిఖీలు చేయాలని కేంద్ర విద్యా శాఖ రాష్ట్రాలకు చెప్పింది. తనిఖీ అన్నాక జాబితా తయారవుతుంది. జాబితాలో బంగళా పెంకుల కప్పూ, సున్నపు గోడలూ, ముందు వరండా ఉన్న పాత బడి మీద అందరి కంటే ముందు కన్ను పడుతుంది. అక్కడి నుంచి ఊళ్లో రెండు పక్షాలు మొదలవుతాయి. "పిల్లల ప్రాణాల కన్నా గోడలు ఎక్కువా?" అని ఒకరు. "మా తాత చదివిన బడి, ఎలా కూలుస్తారు?" అని మరొకరు.

ఇద్దరూ ఒకే విషయం మీద గొడవ పడుతున్నట్టు కనిపిస్తారు గానీ, నిజానికి ఇక్కడ మూడు వేరు వేరు ప్రశ్నలున్నాయి. భవనం భద్రమేనా? దానికి వారసత్వ విలువ ఉందా? బడి నడపడానికి ఆ భవనం ఇప్పుడు అవసరమా? మొదటిదానికి జవాబు ఇంజనీరు చెప్పాలి. రెండోది చరిత్ర తెలిసినవాళ్లూ ఊరివాళ్లూ కలిసి తేల్చాల్సింది. మూడోది విద్యా శాఖ పని. ఒకదాని జవాబును మిగతా రెండింటికీ అంటగట్టడం వల్లే చిక్కు వస్తోంది. ముడి విప్పాలంటే ముందు ఈ బడులు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

భవనం లేని బడి

తెలుగు పల్లెల్లో బడి పాతదే, బడి భవనం మాత్రం అంత పాతది కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో తన ప్రెసిడెన్సీలో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. 1826 నాటికి తేలిన లెక్క: 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. ఒకదాన్ని మరొకదానితో భాగించి చూడండి, బడికి సగటున 15 మంది వస్తారు. ఈరోజు "పిల్లలు లేరు" అని విలీనం జాబితాలోకి ఎక్కే బడిలో ఉండే సంఖ్య దాదాపు ఇదే.

వీటిలో ఎక్కువ భాగానికి సొంత గది లేదు. పంతులుగారి ఇంటి అరుగో, ఊరి చావడో, గుడి మండపమో, చెట్టు నీడో బడి అయ్యేది. తెల్లవాళ్లు వీటిని పయల్ స్కూళ్లు అనేవారు, అంటే అరుగు బడులు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఈ బడుల లోపలి దృశ్యాన్ని మనకు ఇచ్చింది. ఆయన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కో దెబ్బ ఎక్కువ. ఆలస్యంగా వచ్చే పిల్లలు ఆ కాలంలోనూ తక్కువేమీ కాదన్నమాట.

ఈ లెక్కలను ఎలా చదవాలన్న దాని మీద పాత తగాదా ఉంది. బ్రిటిష్ పాలనలో మన చదువు తగ్గిపోయిందని గాంధీ 1931లో లండన్‌లో అన్నప్పుడు విద్యావేత్త ఫిలిప్ హార్టాగ్ ఆధారాలు చూపమని పట్టుబట్టారు. గాంధీ వైపు నిలిచేవాళ్లు ఊరూరా బడి ఉండేదని ఈ అంకెల్నే చూపిస్తారు. పేదరికం పెరిగి చదువు వెనక్కి పోతోందని క్యాంప్‌బెల్ కూడా రాశాడు. అవతలి వాళ్లు అదే నివేదికలో మరో అంకె చూపిస్తారు: 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. పైగా అరుగు ఎవరి ఇంటిదో, మండపం ఏ గుడిదో దాన్ని బట్టే ఎవరు లోపలికి రావచ్చో తేలిపోయేది. దళితుల పిల్లలు ఆ అరుగు ఎక్కడం మాట అటుంచి, దాని దరిదాపుల్లో నిలబడటానికే వీల్లేని ఊళ్లు చాలా. రెండు వాదనలకూ ఒకే కాగితం ఆధారం కావడం ఇందులోని విశేషం. బడులు విస్తారంగా ఉండేవన్నది నిజం, అవి అందరివీ కావన్నదీ నిజం.

గోడలు ఎప్పుడు లేచాయి

బడికి విడిగా భవనం కట్టాలన్న ఆలోచన డబ్బుతో పాటే వచ్చింది. 1850ల్లో గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో సబ్ కలెక్టరుగా ఉన్న టేలర్ హయాంలో రైతులు శిస్తుతో పాటు బడి కోసం కొంత అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. అలా నడిచినవాటికి రేటు బడులని పేరు. 1854లో వచ్చిన వుడ్ విద్యా ప్రణాళిక ప్రైవేటు బడులకూ గ్రాంటు ఇవ్వచ్చంది. గ్రాంటు కావాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. చూసేందుకు గది, హాజరు పట్టీ, నల్లబల్ల ఉండాలి. గాలీ వెలుతురూ వచ్చే కిటికీలు, పెద్ద హాలు, ఎండా వానా తగలకుండా వరండా అన్న నమూనా ఇలాంటి అవసరాల నుంచే పుట్టింది.

1871 నాటి లోకల్ ఫండ్ చట్టం, 1884 నాటి లోకల్ బోర్డుల చట్టం, 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం ఒకదాని వెంట ఒకటి వచ్చి ఈ పనిని జిల్లా, తాలూకా బోర్డుల చేతిలో పెట్టాయి. కోస్తా, రాయలసీమల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ "బోర్డు స్కూలు" అనేది అందుకే. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక అవి సమితి బడులయ్యాయి, మండలాలు వచ్చాక మండల పరిషత్ పాఠశాలలు. గోడ మీద పేరు మారుతూ వచ్చింది, చాలాచోట్ల గోడ అదే.

ఇది ఒక్క తీరు. మిగతావి వేరు. మిషనరీలు దళితవాడల్లో కట్టిన చిన్న గది వారమంతా బడి, ఆదివారం ప్రార్థనా మందిరం. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల కోసం బడి తెరిచారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు నడిపారు. హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ చదువు ఉర్దూలో సాగుతుంటే తెలుగులో చెప్పే ప్రైవేటు బడుల్ని ఖాంగీ బడులనేవారు. 1920ల నుంచి వాటికి సర్కారు అనుమతి తప్పనిసరి అయింది. కాబట్టి నల్లగొండ పల్లెలో నిలిచి ఉన్న ఒక ఖాంగీ బడినీ, కృష్ణా జిల్లాలోని బోర్డు స్కూలునీ "పాత బడి" అని ఒకే గాటన కడితే రెండింటి కథా పోతుంది. బోర్డు స్కూలు ప్రభుత్వం కట్టించింది, ఖాంగీ బడి ప్రభుత్వం అడ్డుపెట్టినా నడిచింది.

పాత గోడ ఎలా పనిచేస్తుంది, ఎందుకు చెడుతుంది

భద్రత ప్రశ్నకు రావాలంటే గోడలోకి చూడాలి. 1950లకు ముందు కట్టిన బడుల్లో చాలావాటిలో సిమెంటు ఉండదు. ఇటుకనో రాయినో పట్టి ఉంచేది గానుగలో రుబ్బిన సున్నం, ఇసుక. తెలంగాణలో దీన్ని డంగు సున్నం అంటారు. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి విరిపించి, రుబ్బి వాడతారు. గోడకు పట్టించాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లమెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. ఈ గోడకు రెండు గుణాలు. ఒకటి, లావుగా ఉంటుంది కాబట్టి ఎండ వేడి లోపలికి ఆలస్యంగా వస్తుంది. రెండు, చెమ్మను పీల్చుకుని బయటికి వదిలేస్తుంది. నేలలోంచి ఎక్కిన తడి పగలు ఎండకు ఆరిపోతుంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది, చాలా బడుల తలరాత దీనితోనే తేలుతుంది. పెచ్చులు ఊడుతున్నాయని ఎవరో ఒక వేసవిలో ఆ గోడకు సిమెంటు పూత పూస్తారు, పైన ఆయిల్ పెయింట్ వేస్తారు. మంచి ఉద్దేశంతోనే. కానీ సిమెంటు పూత చెమ్మను బయటికి పోనివ్వదు. తడి లోపలే ఆగి, ఉప్పు పేరుకుని, లోపలి సున్నాన్ని పొడి చేస్తుంది. కొన్నేళ్లకు పూత బుడగలా ఉబ్బి, పలకలుగా ఊడుతుంది. వెనక ఇటుక చెమ్మగా, మెత్తగా కనిపిస్తుంది. అప్పుడొచ్చి చూసిన ఇంజనీరు "గోడ చెడిపోయింది" అని రాస్తాడు. ఆయన చూసింది నిజమే. గోడను చెడగొట్టింది దాని వయసు కాదు, దానికి చేసిన మరమ్మతు.

కప్పుది ఇంకో కథ. బంగళా పెంకులు 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ల ఫ్యాక్టరీతో మొదలై దక్షిణాదంతా పాకాయి. ఒకదాని అంచు మరొకదాని మీద ఒదిగేలా చేసిన పెంకు అది. ఒక పెంకు పగిలితే అదొక్కటే మార్చుకోవచ్చు. మార్చకపోతే మాత్రం ఆ సందులోంచి కారిన నీరు కింది కర్ర పట్టీని, తర్వాత వాసాన్ని, చివరికి దూలాన్ని పట్టుకుంటుంది. దూలం ముందు కుళ్లేది నడిమిట్లో కాదు, గోడలోకి దూరిన కొసల్లో, మన కంటికి కనబడని చోట. చెదలు పట్టేదీ అక్కడే. బయటి నుంచి దూలం గట్టిగానే కనిపిస్తుంది. ఒకరోజు గాలివానకు కొస జారుతుంది. పాత బడుల్లో అసలు ప్రమాదం ఇదే, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వారసత్వం గురించి మాట్లాడేవాళ్లు గోడల అందం గురించి ఎక్కువ, దూలం కొసల గురించి తక్కువ మాట్లాడటం నాకు నచ్చని విషయం.

అలాగని పాతదంతా ప్రమాదం, కొత్తదంతా భద్రం అనుకోవడమూ పొరపాటే. స్లాబులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా తల మీద పడుతుంది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రతి చిన్న బడికీ అన్ని కాలాల్లో పనికొచ్చే రెండు గదులు, వరండా ఉండాలంది. ఆ తర్వాత పల్లెల్లో లేచిన స్లాబు గదులు వయసులో పెంకుల బడి కన్నా ఎంతో చిన్నవి. వాటిలోనూ ఊచలు బయటపడ్డవి ఉన్నాయి. భద్రతను పుట్టిన ఏడాదిని బట్టి చెప్పలేం, చూసి చెప్పాలి.

వారసత్వ విలువ అంటే ఏమిటి

చాలామంది దృష్టిలో వారసత్వం అంటే వయసు, లేదా శిల్పకళ. వేయి స్తంభాల గుడికి సరిపోయే ఈ కొలత పల్లెటూరి బడికి సరిపోదు. దాని మీద శిల్పాలుండవు, దాన్ని కట్టిన మేస్త్రీ పేరు ఎక్కడా రాసి ఉండదు. నిపుణులు వాడే కొలత కాస్త వెడల్పుగా ఉంటుంది. 1979లో ఆస్ట్రేలియాలో వారసత్వ స్థలాల పరిరక్షణకు దారి చూపే పత్రంగా రూపొందిన బుర్రా చార్టర్ ఒక స్థలం విలువను అందం, చరిత్ర, శాస్త్రీయ సమాచారం, సామాజిక అనుబంధం వంటి కోణాల్లో విడదీసి చూడమంటుంది. మన దేశంలో 1984లో ఏర్పడిన వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ కూడా 2004లో ఒక చార్టర్ తెచ్చింది. చట్టం కాపాడని కట్టడాలే దాని విషయం. వాటితో పాటు వాటిని కట్టే పనితనం కూడా కాపాడదగినదే అంటుంది. సున్నం రుబ్బడం తెలిసిన మేస్త్రీలు అరుదవుతున్న రోజుల్లో ఈ రెండో మాట ముఖ్యం.

బడికి అన్వయిస్తే ఎలా ఉంటుందో చూద్దాం. ఆ ప్రాంతపు రాయి, కలప, పెంకు ఎలా వాడారన్నది కట్టుబడి విలువ. ఏ చట్టం కింద, ఎవరి చందాతో లేచిందన్నది చరిత్ర విలువ. నాలుగు తరాలు అక్కడే అఆలు దిద్దడం, ఎన్నికల రోజు అక్కడే ఓటేయడం, తుఫాను వస్తే అక్కడే తలదాచుకోవడం సామాజిక విలువ. ఒక వ్యక్తితోనో సంఘటనతోనో ముడిపడి ఉంటే అది అనుబంధ విలువ. ఇవన్నీ ప్రతి బడికీ ఉండాలని లేదు. మొదటిది అసలు లేకుండా చివరిది బలంగా ఉండొచ్చు.

ఈ మాటకు పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. 1912 నుంచి 1932 వరకు దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం 5,000కు దగ్గరగా చిన్న బడులు కట్టారు. వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ కొంత డబ్బిస్తే మిగతాది ఊరివాళ్లు, స్థానిక ప్రభుత్వాలు సమకూర్చాలి. ఊరివాళ్లు డబ్బు లేనిచోట కలప ఇచ్చారు, స్థలం ఇచ్చారు, ఒళ్లు వంచి పనిచేశారు. చెక్కతో కట్టిన మామూలు గదులవి. 2002లో అక్కడి జాతీయ పరిరక్షణ ట్రస్టు వాటిని ముప్పులో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. వాటి విలువ చెక్కలో లేదు, వివక్ష రోజుల్లో పైసా పైసా కూడబెట్టి కట్టుకున్న పట్టుదలలో ఉంది.

పుణెలోని భిడే వాడా ఇంకో రకం చిక్కు. జ్యోతిబా, సావిత్రీబాయి ఫులేలు 1848లో ఆడపిల్లల బడి నడిపిన ఇల్లు అది. ఏళ్ల తరబడి కోర్టు కేసులు నడిచి, 2023లో స్థలం నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. ఆ డిసెంబరులోనే, స్మారకం కట్టడం కోసం, శిథిలమైన ఆ ఇంటిని కూల్చేశారు. పాత ఇంటి ఇటుకలే సాక్ష్యం, అవి పోయాక స్మారకం కొత్త భవనమే కదా అన్నది ఒక అభిప్రాయం. కూలిపోతున్న గోడల కన్నా ఆ చోటు, ఆ పని ముఖ్యం, జనం లోపలికి వెళ్లి చూడగలగాలి అన్నది మరొకటి. విలువ పదార్థంలో ఉందా, స్థలంలో ఉందా అన్న ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. కట్టుబడి విలువ గల బడిని కూల్చి అదే చోట కొత్తది కడితే విలువ పూర్తిగా పోతుంది. అనుబంధ విలువ గల బడి విషయంలో కొంత మిగలొచ్చు.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది

కేంద్రం 1958లో చేసిన ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం కట్టడానికి కనీసం వందేళ్లు నిండాలి. ఆంధ్రప్రదేశ్ 1960 చట్టమూ అదే గీత గీసింది. వందేళ్లు నిండినంత మాత్రాన రక్షణ దానంతటది రాదు, ప్రభుత్వం నోటిఫై చేయాలి. కేంద్ర రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. నడుస్తున్న బడికి ఇది వరం కాదు. ఆవరణలో మరుగుదొడ్డి కట్టాలన్నా అనుమతుల చుట్టూ తిరగాలి. తెలంగాణ 2017లో సొంత వారసత్వ చట్టం చేసుకుంది. ఏ చట్టమైనా కోటలు, గుడులు, శాసనాల మీద పెట్టే దృష్టి పల్లెటూరి బడి మీద పెట్టలేదు. పోల్చి చూడాలంటే, అమెరికా జాతీయ రిజిస్టరులో చేరడానికి సాధారణంగా 50 ఏళ్లు చాలు.

ఇటువైపు పిల్లల హక్కుల చట్టం బలంగా ఉంది. 2004 జులైలో తమిళనాడులోని కుంభకోణంలో బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ నేపథ్యంలో నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2009లో చదువుకునే హక్కులో భద్రమైన బడి కూడా భాగమేనంది. అదే ఏడాది వచ్చిన విద్యా హక్కు చట్టం అన్ని కాలాల్లో పనికొచ్చే భవనం, ఒక్కో టీచరుకు కనీసం ఒక్కో గది, అడ్డంకుల్లేని దారి, విడివిడిగా మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం, ప్రహరీ ఉండాలంది. పాత హాలుకు ముందు నాలుగు ఎత్తైన మెట్లుంటాయి. లోపల ఒకే గది. ఈ కొలతలకు అది సరిపోదు, ఎంత అందంగా ఉన్నా సరే.

రెండు వాదనలూ వాటి బలంతో

కూల్చమనేవాళ్లను చరిత్ర తెలియనివాళ్లుగా చూడటం అన్యాయం. పిల్లల్ని రోజూ ఆ కప్పు కింద కూర్చోబెట్టేది వాళ్లే. కప్పు పడితే సస్పెండయ్యేది హెడ్మాస్టరు, వారసత్వ ప్రేమికులు కాదు. ఆయన టెన్షన్ ఆయనది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు తొలి దశలోనే 15,715 బడులను తీసుకుంది. తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు-మన బడి లక్ష్యం 26,065 బడులు, అంచనా 7,289 కోట్ల రూపాయలు. ఇంత పెద్ద పనిలో ప్రతి గోడకూ ప్రత్యేకంగా సున్నపు మేస్త్రీని వెతకడం కుదిరే పని కాదు. ఊరి డబ్బు పరిమితం. పైగా పాత బడి జ్ఞాపకం అందరికీ తీయనిది కాదు. ఒకప్పుడు వరండాలో విడిగా కూర్చోబెట్టిన కుటుంబాలకు ఆ హాలును గుండెలకు హత్తుకోమని చెప్పలేం.

ఉంచమనేవాళ్ల బలం వేరేచోట ఉంది. ఎత్తైన పెంకుల కప్పు కింద ఏప్రిల్ మధ్యాహ్నం కూర్చున్నవాళ్లకు స్లాబు గది తేడా చెప్పక్కర్లేదు. గోడలు బాగుండి కప్పు మాత్రమే చెడితే, మొత్తం కూల్చి కట్టడం డబ్బు ఆదా చేసే పని కాకపోవచ్చు. చాలా ఊళ్లలో ప్రజల డబ్బుతో, ప్రజలందరి కోసం అన్న పేరుతో లేచిన మొదటి భవనం బడే. గుడి ఒకరిది, గడీ ఒకరిది, బడి మాత్రం కనీసం కాగితం మీదైనా అందరిది. పైన చెప్పిన వరండా వివక్షకు కూడా ఆ వరండాయే సాక్ష్యం. చేదు జ్ఞాపకం ఉన్న చోటును చెరిపేయడం వేరు, దాని కథ చెప్పడం వేరు అని వీళ్లంటారు. ఈ చివరి మాటలో బలం ఉందని నాకనిపిస్తుంది. కాకపోతే ఆ కథ చెప్పే హక్కు ముందుగా వరండాలో కూర్చున్నవాళ్లది.

ఒక ఊహా బడితో లెక్క వేసి చూస్తే

1928లో తాలూకా బోర్డు కట్టించిన బడి ఒకటి ఉందనుకుందాం. 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు హాలు, అంటే 540 చదరపు అడుగులు. ముందు వరండా. సున్నపు ఇటుక గోడలు, టేకు దూలాలు, బంగళా పెంకులు. వెనక 1990ల్లో కట్టిన రెండు స్లాబు గదులు. 14 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. తనిఖీలో పాత హాలు శిథిలమని తేలింది.

మొదటి ప్రశ్న భద్రత. నివేదికను విప్పి చూస్తే గోడలు నిలువుగానే ఉన్నాయి, పునాది కుంగలేదు. మూడు దూలాల కొసలు కుళ్లాయి, ఒక మూల సిమెంటు పూత ఉబ్బింది. అంటే శిథిలమైంది కప్పు, భవనం కాదు. ఈ తేడా నివేదికలో కనిపించకపోతే నిర్ణయం అక్కడే తప్పుతుంది. కానీ ఒకటి ఖాయం, కప్పు సరిచేసేదాకా పిల్లలు లోపలికి వెళ్లకూడదు. దీని మీద రెండు పక్షాలకూ తగాదా ఉండాల్సిన పనిలేదు.

రెండో ప్రశ్న విలువ. కట్టుబడి చెక్కుచెదరలేదు కాబట్టి ఆ విలువ ఉంది. బోర్డుల కాలపు నమూనా కాబట్టి చరిత్ర విలువ ఉంది. ప్రముఖులెవరూ ఇక్కడ చదవలేదు, అనుబంధ విలువ తక్కువ. సామాజిక విలువ ఎంతో ఊరివాళ్లను అడిగితే గానీ తెలియదు, అన్ని వాడల్లోనూ అడగాలి.

మూడో ప్రశ్న అవసరం. ఇద్దరు టీచర్లకు రెండు గదులు వెనక ఉన్నాయి. తరగతులకు పాత హాలు అక్కర్లేదు. కాబట్టి భద్రత పేరుతో కూల్చాల్సిన తొందర లేదు, బడి కోసం అట్టిపెట్టాల్సిన ఒత్తిడీ లేదు. కప్పు మార్చి లైబ్రరీగానో అంగన్‌వాడీగానో వాడుకోవడం సాధ్యమయ్యే దారి. బుర్రా చార్టర్ సూత్రం కూడా ఇదే, అవసరమైనంత మార్చు, వీలైనంత తక్కువ మార్చు. మూడు దూలాలు మార్చాల్సి వస్తే పదింటినీ పీకక్కర్లేదు.

ఇప్పుడు ఒక్క విషయం మార్చి చూడండి. వెనక స్లాబు గదులు లేవు, పిల్లలు 60 మంది. అప్పుడు లెక్క తిరగబడుతుంది. స్థలం ఆ ఒక్కటే అయితే కొత్త గదులకు పాత హాలు దారివ్వాల్సి రావచ్చు, అది తప్పు కాదు. ఇంకోటి మార్చండి. 1975లో గోడలన్నీ తీసేసి మళ్లీ కట్టారు, కానీ 1930ల్లో దళిత పిల్లలు మొదటిసారి అందరితో కలిసి కూర్చున్న చోటు ఇదే. కట్టుబడి విలువ దాదాపు సున్నా, అయినా ఈ చోటు మొదటి ఉదాహరణ కన్నా బలమైనది. వయసు మాత్రమే చూసే కొలత ఈ బడిని పట్టుకోలేదు. మరొకటి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగినట్టు 3, 4, 5 తరగతులు దగ్గర్లోని ఉన్నత పాఠశాలకు వెళ్లిపోయి బడి దాదాపు ఖాళీ అయితే? వాడేవాళ్లు లేని పెంకుల భవనం రెండు మూడు వానాకాలాలకు తనంతట తానే కూలుతుంది. అప్పుడు విలువ ఎంతని తేల్చినా, కప్పు చూసుకునేవాళ్లు ఎవరన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

ఈ లెక్కలో చాలామంది మరిచిపోయేది బీరువా. పాత అడ్మిషన్ రిజిస్టర్లు, ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు రాసిన పరిశీలన పుస్తకాలు, హాజరు పట్టీలు అందులో ఉంటాయి. ఏ సంవత్సరం మొదటి ఆడపిల్ల చేరింది, ఏ వాడ పిల్లలు ఎప్పుడు మొదలయ్యారు, కరువు ఏడాది ఎంతమంది మానేశారు, ఇవన్నీ గోడ చెప్పదు, రిజిస్టరు చెబుతుంది. పైన రెండో ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ముందు అక్కడే. భవనం కూల్చినప్పుడు కలపకు వేలం ఉంటుంది గానీ ఈ పుస్తకాలు ఎటు పోతాయో అడిగేవాళ్లు తక్కువ. చట్టం దగ్గర ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న రాతప్రతికీ, రికార్డుకూ 75 ఏళ్లు నిండితే చాలు. మన ఊహా బడి రిజిస్టరు 2003లోనే ఆ గీత దాటింది. భవనం దాటాలంటే 2028 దాకా నిలబడాలి.